ట్రాక్టరు ఇంజను అతిగా వేడెక్కుట – కారణమును కనుగొను విధము

తొలకరి వానలు పడి, కాలువలకు నీరు వదలిన నాటినుండి నాట్లు ముగియువరకు ట్రాక్టరునకు విశ్రాంతి యుండదు. పగలు ఒకరి చేను, రాత్రి మరియొకరి చేనుగా అది దమ్ము చేయుచునే యుండును. ఈ దినములలోనే ఇంజను అతిగా వేడెక్కి పనిమధ్యలో నిలిచిపోవుట తరచుగా జరుగుచుండును. ఆ నష్టము ఒక దినపు పనితో తీరునది కాదు. నారు ముదురును, కూలీలు వేరొక చేనికి పోవుదురు, నీటివంతు దాటిపోవును. ఇంజను పట్టివేసిన యెడల దాని మరమ్మతు ఖర్చు ట్రాక్టరుపై తీసికొన్న అప్పు వాయిదాకంటె బరువగుటయు కద్దు. కావున సంఘసభ్యులగు రైతులు, స్వంత ట్రాక్టరు గలవారును అద్దెకు తోలించుకొనువారును, ఈ విషయమును కొంత తెలిసికొనియుండుట మేలు.

మొట్టమొదట గ్రహింపవలసినది యేమనగా, వేడెక్కుట రోగము కాదు, రోగలక్షణము. జ్వరము వచ్చినవాని నుదుట తడిగుడ్డ వేసిన వేడి తగ్గినట్లు తోచును. జ్వరమునకు మూలమైనది మాత్రము లోపల నుండనే యుండును. అట్లే రేడియేటరులో నీరు పోసి మరల బండి తోలువారు పలువురు కలరు. ఒకనాడు గడచును, రెండవనాడు గడచును, మూడవనాడు హెడ్డు పగులును. నీరు ఏల తగ్గినది, వేడి ఏల పెరిగినది అను ప్రశ్న వేయక నీరు పోయుటయే మన గ్రామములలో ఇంజనులు చెడుటకు ముఖ్యకారణమని నా యభిప్రాయము.

ఇంజనులో వేడి పుట్టుట సహజమే. డీజిలు మండినప్పుడు సిలిండరులోని వాయువులు క్షణకాలము రెండువేల సెంటిగ్రేడు డిగ్రీలకు దరిదాపుగా కాగును. పిస్టను చేయబడిన అల్యూమినియమో 660 డిగ్రీలకే కరగును. అయినను పిస్టను కరగకుండుటకు కారణము, ఆ వేడి యెప్పటికప్పుడు బయటికి కొనిపోబడుచుండుటయే. స్థూలముగా చెప్పవలెనన్న, మండిన డీజిలులోని శక్తిలో మూడవ వంతు మాత్రమే నాగలికిని చక్రములకును అందును. మరియొక మూడవ వంతు పొగగొట్టముగుండ పోవును. మిగిలినదానిలో అధికభాగమును నీరు మోసికొనిపోయి రేడియేటరులో గాలికి అప్పగింపవలెను. ఇంజనుచుట్టు తిరుగు నీరు, ఆ నీటిని నెట్టు పంపు, పంపును పంకాను త్రిప్పు బెల్టు, నీటిదారిని తెరచుచు మూయుచు నుండు థర్మోస్టాటు, నీటిని చల్లార్చు రేడియేటరు, దానిపై మూత – ఈ వరుసలో ఏ యొక్కటి తన పని మానినను ముల్లు ఎఱ్ఱగీతవైపు పోవును.

ఈ యేర్పాటు ఒక్కనాట కుదిరినది కాదు. 1886లో జర్మనీదేశమున కార్ల్ బెంజ్ తన మూడుచక్రముల బండికి హక్కుపత్రము పొందినప్పుడు దానికి నేటివంటి రేడియేటరు లేదు. నీరు కాగి ఆవిరియై పోవుచుండ, దారిపొడుగున మరల పోసికొనుచుండవలసినదే. 1888లో ఆయన భార్య బెర్తా బెంజ్ మాన్‌హైమునుండి ఫోర్జ్‌హైమునకు ఆ బండిని తోలుకొనిపోయినప్పుడు నీటికొరకు పలుమారులు ఆగవలసివచ్చెను. తరువాత ఫోర్డు కంపెనీవారు 1908 మొదలు 1927 వరకు చేసిన ‘టి’ మాదిరి కార్లలో మొదటి కొన్ని వేలు తప్ప మిగిలినవాటికి నీటిపంపే లేదు. వేడినీరు తేలికయై పైకిపోవుట, చల్లనీరు బరువై క్రిందికి దిగుట అను ధర్మముచేతనే నీరు తిరుగుచుండెను. నేటి ఇంజనులు చిన్న శరీరములో పెద్ద బలమును పుట్టించునవి గనుక పంపును ఒత్తిడిమూతయు లేనిదే ఒక గంటయైనను నిలువజాలవు.

ముల్లు ఎఱ్ఱగీతను చేరినప్పుడు తోలువాడు చేయవలసిన పని మొదట చెప్పెదను. కారణము వెదకుట ఆ పిమ్మటి మాట. రోటావేటరును పైకెత్తి, బరువును తప్పించి, గేరునుండి బండిని విడిపింపవలెను. రేడియేటరులో నీరున్నట్లును, బెల్టు తిరుగుచున్నట్లును కనబడిన యెడల ఇంజనును వెంటనే ఆపక, మూడు నాలుగు నిమిషములు ఖాళీగా తిరుగనీయవలెను. ఏలయన, ఇంజను ఆగిన తోడనే నీటి సంచారమును ఆగును. లోహములో నిలిచిన వేడి ఒక్కచోటనే నీటిని మరిగించును. అట్లుగాక ఆవిరి బుస్సున చిమ్ముచున్నను, రబ్బరు గొట్టము పగిలినను, బెల్టు తెగినను, నూనెదీపము వెలిగినను ఒక్క క్షణమైనను ఆలసింపక ఆపివేయవలెను. అట్టి స్థితిలో ఇంజనును తిరుగనిచ్చుట పిస్టనులను చేతులార అరగదీయుటయే.

ఆపిన పిమ్మట అరగంటకు తక్కువ గాకుండ ఊరకుండవలెను. ఈ అరగంట ఓపిక లేకపోవుటవలన ముఖము, చేతులు కాల్చుకొన్నవారు లేని ఊరు అరుదు. వేడిగానున్న రేడియేటరు మూతను తీయుట ఏల ప్రమాదకరమో తెలిసినవాడు దానిపై చేయి వేయడు. నీరు మామూలుగా 100 డిగ్రీలకు మరగును. మూతలోని స్ప్రింగు నీటిపై ఒత్తిడి నిలుపుటచే మరగుస్థానము పైకి పోవును. చదరపు అంగుళమునకు 7 పౌనుల మూత యున్నచో నీరు సుమారు 111 డిగ్రీలవరకు మరగకుండును. 15 పౌనుల మూత యున్నచో సుమారు 120 డిగ్రీలవరకు ఓర్చుకొనును. ఆ స్థితిలో మూత తీసిన తోడనే ఒత్తిడి పోవును. అప్పటివరకు మరగని నీరంతయు ఒక్కసారిగా మరగి ఆవిరియై ఎగురును. కావున చల్లబడిన పిమ్మటనే, గోనెపట్టాను మడిచి మూతపై వేసి, ముఖము ప్రక్కకు త్రిప్పుకొని, మొదటి మెట్టువరకు మాత్రము త్రిప్పి, బుస్సుమను చప్పుడు పూర్తిగా అణగినతరువాత మూత నూడదీయవలెను.

నీరు తగ్గియున్నచో పోయవలసినదే. కాని కాగియున్న ఇంజనులో కాలువనీటిని బిందెతో కుమ్మరింపరాదు. కాలిన పెనముమీద చన్నీరు చల్లిన ఏమగునో గృహిణులకు తెలియును. పోతయినుపు హెడ్డును అట్లే పగులును. ఇంజను చల్లారిన పిమ్మట కొద్దికొద్దిగా పోయుచు, నడుమ ఇంజనును ఖాళీగా తిప్పుచు, గాలిబుడగలు వెలువడిన కొలది నింపవలెను. గాలి లోపల చిక్కుకొన్న యెడల రేడియేటరు నిండినట్లు కనబడినను ఇంజనులోపల నీరు అందని తావులు మిగులును. నీరు మార్చిన మరునాడే బండి వేడెక్కినదని చెప్పువారి విషయమున మొదట ఈ గాలి సంగతి విచారింపవలెను.

ఇక కారణము వెదకుట. మంచి మెకానిక్కు పానా పట్టుటకు ముందు ప్రశ్నలు వేయును. ఎప్పుడు వేడెక్కుచున్నది? బండి తీసిన పది నిమిషములకా, రెండు గంటల పనికా? బరువు లాగునప్పుడు మాత్రమేనా, ఖాళీగా నిలబడియున్నప్పుడును వేడెక్కుచున్నదా? నీరు దినదినము తగ్గుచున్నదా, తగ్గకయే కాగుచున్నదా? ఇటీవల ఏ మరమ్మతు చేయించితిరి? ఈ నాలుగింటికి సరియైన సమాధానము దొరికిన యెడల సగము పని ముగిసినట్లే. తోలువాడు భయపడి నిజము దాచుట కలదు. యజమాని కోపగింపక అడిగిన నిజము తెలియును, ఖర్చు తగ్గును.

దమ్మునందును, నూర్పిళ్ళయందును ఎక్కువగా కనబడు కారణము అన్నిటికంటె తేలికయైనది – రేడియేటరునకు గాలి చొరకపోవుట. రేడియేటరు సన్నని గొట్టములును, వాని నడుమ కాగితమువలె పలుచని రేకులును కలది. పంకా ముందునుండి గాలిని లోనికి లాగును. గాలితోపాటు పొట్టు, ఊక, తాలు, వరిగడ్డిముక్కలు, దుమ్ము కూడ వచ్చి ఆ రేకులనడుమ ఇరుకుకొనును. ఎచ్చటనైన కొంచెము నూనె కారి తడిసియున్న యెడల దుమ్ము అంటుకొని మట్టిగోడవలె గట్టిపడును. వెలుపలి జాలీ శుభ్రముగా కనబడును గాని దానివెనుక రేడియేటరు ముఖము మూసికొనిపోయి యుండును. ఏసీ గల క్యాబినుండినచో రేడియేటరు ముందర మరియొక జల్లెడవంటిది ఉండును. ఆ రెంటి నడుమనే చెత్త దాగును. చూచు ఉపాయము సులభము. ఇంజను ఆపి, ఒకవైపున టార్చిలైటు పట్టి రెండవవైపునుండి చూడవలెను. వెలుగు కనబడని చోట గాలియు పోదు.

శుభ్రము చేయుటలో జరుగు పొరపాటొకటి కలదు. ముందునుండి నీరు కొట్టినచో చెత్త మరింత లోనికి దిగును. గాలి ఏ దిక్కునుండి వచ్చుచున్నదో దానికి ఎదురుదిక్కునుండి, అనగా ఇంజనువైపునుండి ముందునకు, నీటినిగాని గాలినిగాని కొట్టవలెను. సర్వీసు షెడ్డులోని గట్టి ధారను దగ్గరగా పట్టిన రేకులు వంగిపోవును. వంగిన రేకు మూసిన తలుపే. నూనె జిడ్డు ఉన్నచోట సబ్బునీటితో నానబెట్టి కడుగవలెను. ఈ కడుగుట ఇంజను చల్లారిన పిమ్మట చేయవలసిన పని.

నూర్పిడి యంత్రమును త్రిప్పునప్పుడు ట్రాక్టరు ఒక్కచోటనే నిలిచి గంటలకొలది పనిచేయును. తాను లేపిన పొట్టునే తాను పీల్చుచుండును. గాలివాలు చూచి, పొట్టు బండిమీదికి రాకుండ ప్రక్కకు పోవునట్లు నిలుపుకొనుటకు ఖర్చేమియు లేదు. గంటకొకమారు ఇంజను ఆపి జాలీని తుడుచుటకు ఐదు నిమిషములు చాలును. తిరుగుచున్న పంకాదగ్గర చేయి పెట్టుట, కండువాయో చీరకొంగో వ్రేలాడవిడిచి వంగుట ప్రాణముమీదికి తెచ్చును.

గాలిదారి బాగుగానున్నయెడల బెల్టును చూడవలెను. ఇంజను ఆపి, రెండు చక్రముల నడుమ బెల్టును బొటనవ్రేలితో నొక్కిన అర అంగుళమునకు కొంచెము అటునిటుగా దిగవలెను. సరియైన కొలత బండి పుస్తకములో ఉండును. అంతకు మించి దిగిన అది జారుచున్నదని అర్థము. బెల్టు జారిన పంకాయు, పంపును, బ్యాటరీకి విద్యుత్తునిచ్చు యంత్రమును మూడును మందగించును. కావున వేడిముల్లు పైకిపోవుటయు బ్యాటరీదీపము వెలుగుటయు ఒకేసారి జరిగినచో మొదట బెల్టునే అనుమానింపవలెను. బెల్టు లోపలి అంచులు నిగనిగలాడుచు అద్దమువలె మెరసిన, అది జారి జారి కాలినదే; బిగించి ప్రయోజనము లేదు, మార్చవలెను. అట్లని వీణతీగవలె బిగింపరాదు. పంపు బేరింగు చెడును. పంపు క్రిందనున్న చిన్న రంధ్రమునుండి నీరు కారుచున్నయెడల లోపలి సీలు పోయినదని ఆ రంధ్రమే చెప్పుచున్నది. దానిని కొందరు తెలియక మేకుతోను మైనముతోను మూయుదురు. అది కారుటకొరకే పెట్టినది. మూసిన నీరు బేరింగులోనికి పోవును.

నీరు తగ్గుచున్నదిగాని కారుచున్న తావు కనబడని యెడల, ఇంజను చల్లగానున్నప్పుడు ఉదయమే బండిక్రింద నేలను, గొట్టముల కీళ్ళను, రేడియేటరు అడుగును చూడవలెను. కారి ఎండినచోట తెల్లనిదో పచ్చనిదో పొడి అంటియుండును. మూతలోని రబ్బరు పగిలినను, స్ప్రింగు సడలినను నీరు పొంగి ప్రక్కగొట్టమున పోవును. అప్పుడు తప్పు తక్కువ ఖరీదు గల మూతదే, రేడియేటరుది కాదు. ఇంజను చల్లారినప్పుడు గొట్టము చప్పిడియై అతుకుకొన్న యెడలను మూతనే చూడవలెను. ఏలయన, చల్లారునప్పుడు నీటిని తిరిగి లోనికి తీసికొను చిన్న కవాటము కూడ ఆ మూతలోనే యున్నది. రేడియేటరు కారుచున్నదని పసుపుపొడి వేయుట మనవైపున వాడుకలో నున్నది. ఇల్లు చేరుటకు అక్కరకు వచ్చునేమో గాని అది కారు రంధ్రమునే వెదకి మూయదు; మంచి గొట్టములను కూడ మూయును.

నీరు నిండుగనే యుండి, గాలి బాగుగనే తగులుచు, బెల్టు బిగువుగనే యుండి వేడెక్కుచున్నచో నీటి సంచారమును పరీక్షింపవలెను. ముల్లు పైకెక్కుచున్న సమయమున ఇంజను ఆపి, పైగొట్టమును క్రిందిగొట్టమును మడిచిన గుడ్డతో జాగ్రత్తగా తాకి చూడవలెను. పైది కాలుచు క్రిందిది కొంత తక్కువ వేడిగా నుండుట ఆరోగ్యలక్షణము. ఇంజను కాగియుండ పైగొట్టమే చల్లగా నున్నయెడల నీరు ఇంజనునుండి వెలికి వచ్చుటలేదు. థర్మోస్టాటు మూసికొనిపోయియుండును, లేదా పంపు రెక్కలు అరిగిపోయి యుండును. పైది కాలుచు క్రిందిది బొత్తిగా చల్లగానుండిన రేడియేటరులోపల గొట్టములు పూడినవని అనుమానింపదగును. రెండును సమానముగా కాలుచున్న నీరు తిరుగుచున్నది గాని చల్లారుటలేదు. మరల గాలిదారిని చూడవలెను. ఇప్పుడు తుపాకివలె చేత బట్టుకొని దూరమునుండియే వేడిని కొలుచు పరికరములు దొరకుచున్నవి. దానితో రేడియేటరు ముఖమంతయు చూచిన, చుట్టును వేడిగానుండి నడుమ చల్లగానున్న తావులు పూడిన గొట్టములని తెలియును. సంఘమునకు అట్టిదొకటి యున్నను ఊరందరికి సరిపోవును.

థర్మోస్టాటును గురించి కొంచెము వివరింపవలసియున్నది. దానిని శత్రువుగా చూచు మెకానిక్కులు ఇంకను కలరు. అది లోపల ఒక మాదిరి మైనము గల చిన్న కవాటము. ఇంజను చల్లగానున్నప్పుడు రేడియేటరుదారిని మూసియుంచును. నీరు సుమారు 80 డిగ్రీలు దాటగా మైనము ఉబ్బి దారిని తెరచును. పరీక్షించుట ఇంటిలోనే సాధ్యము. దానిని దారముతో కట్టి నీళ్ళగిన్నెలో అడుగు తగులకుండ వ్రేలాడదీసి, ప్రక్కనే థర్మామీటరు ఉంచి, పొయ్యిమీద కాచవలెను. కవాటముపై చెక్కియున్న డిగ్రీ దగ్గర తెరచుకొనుటకు మొదలిడి, ఇంకొక పది పదునైదు డిగ్రీలలో పూర్తిగా తెరచుకొనిన అది మంచిదే. నీరు మరగినను కదలనిది పారవేయదగినది. చెడినదానిని తీసి మంచిది పెట్టుటకు బదులు, ‘అది లేకున్నను బండి నడచును’ అని దానిని తీసివేసి పంపువారు కలరు. అట్లు చేసిన పలు ఇంజనులలో నీరు రేడియేటరువైపు పోక అడ్డదారినే తిరిగివచ్చి, బండి మునుపటికంటె ఎక్కువ వేడెక్కును. అడ్డదారి లేని ఇంజనైనచో చలికాలపు ఉదయములందు తగినంత కాగక సిలిండరు త్వరగా అరుగును, నూనెలో మడ్డి పేరును, డీజిలు ఎక్కువ కాలును. తీయించుకొని రావలదని సభ్యులకు మనవి.

రేడియేటరు గొట్టములు పూడుటకు కారణము మనము పోయు నీరే. సున్నపురాయి గల పల్నాటి నేలలయందును, ఇంకను పలుచోట్లను బోరునీరు కఠినజలము. నీళ్ళకాగులో కొన్ని నెలలకు అట్టకట్టు తెల్లని పొరను ఎల్లరును చూచియున్నారు. అదే పొర ఇంజనులోపల సిలిండరుచుట్టును, రేడియేటరు గొట్టములలోను పేరుకొనును. ఇనుము వేడిని త్వరగా దాటించును. ఈ సున్నపుపొర దానికంటె పలురెట్లు మందముగా దాటించును. పొర పలుచనిదైనను ఇంజనుకు దుప్పటి కప్పినట్లే. కారినంత నీరు దినదినము బోరునుండి పోయువాడు దినదినము క్రొత్త సున్నము పోయుచున్నాడన్నమాట. బట్టిపట్టిన నీరుగాని, బ్యాటరీలకు వాడు నీరుగాని, శుభ్రముగా పట్టిన వాననీరుగాని వాడవలెను. కంపెనీవారు చెప్పిన కూలెంటును చెప్పిన పాళ్ళలో కలిపి వాడుట అన్నిటికంటె మేలు. అది తుప్పును ఆపును, మరగుస్థానమును కొంత పెంచును. కొన్ని డబ్బాలు నీరు కలిపియే వచ్చును, కొన్ని కలుపవలసినవి. డబ్బాపై చదువక పోయుట తగదు. చిక్కని కూలెంటును నీరు కలుపక పోసినను చెడే, ఏలయన అది ఒంటిగా నీటియంత చక్కగా వేడిని మోయజాలదు.

పొర పట్టినపిమ్మట దానిని కరగించుటకు చాకలిసోడా వేయవలెనని పాత పుస్తకములలో కనబడును. ఇంజను ఇనుముతోను, రేడియేటరు ఇత్తడిరాగులతోను చేసిన దినములలో అది తగియుండెను. నేడు అనేక రేడియేటర్లును హెడ్లును అల్యూమినియముతో చేయబడుచున్నవి. సోడాయు, మరుగుదొడ్లు కడుగు ఆమ్లమును ఆ లోహమును తినివేయును. ఆ పనికై ప్రత్యేకముగా అమ్ము ద్రవమును వాడవలెను, లేదా రేడియేటరు పనివానిచే విప్పించి కడిగింపవలెను.

అన్నిటికంటె భయపడవలసినది హెడ్డు గ్యాస్కెట్టు పోవుట. ఇది తరచుగా మునుపటి వేడికి ఫలముగాను, తరువాతి వేడికి కారణముగాను ఉండును. సిలిండరులోని మంట నీటిదారిలోనికి దూరును, లేదా నీరు సిలిండరులోనికి దిగును. గుర్తించుటకు తెల్లవారి ఇంజను పూర్తిగా చల్లగా నున్నప్పుడు మూత తీసి, నీరు అంచువరకు నింపి, బండిని తీయవలెను. నీరు ఇంకను వేడెక్కకమునుపే బుడగలు ఎడతెగక వచ్చుచున్నచో అవి గాలిబుడగలు కావు, సిలిండరునుండి వచ్చు పొగ. నూనెకడ్డీని తీసి చూచిన నూనె మజ్జిగవలె తెల్లబడి యుండినను, రేడియేటరు నీటిపై నూనె తేలుచున్నను, ఇంజను కాగిన తరువాతను తెల్లని ఆవిరివంటి పొగ మానకున్నను, బయట ఎచ్చటను కారకయే నీరు తగ్గుచున్నను గ్యాస్కెట్టుమీదికో పగిలిన హెడ్డుమీదికో అనుమానము పోవలెను. కొన్ని ఇంజనులలో నూనెను చల్లార్చు చిన్న పెట్టె పగిలినను నూనెయు నీరును కలియును. కావున హెడ్డు విప్పుటకు ముందు దానిని చూడుమని పనివానితో చెప్పుట మంచిది. ఈ గుర్తులలో ఏది కనబడినను ఆ బండిని ఆ పూట దమ్ములోనికి దింపరాదు. రాత్రి సిలిండరులో నీరు నిలిచి, ఉదయము తీసినప్పుడు నీరు నలుగదు గనుక కనెక్టింగు రాడ్డే వంగును. గ్యాస్కెట్టు మార్చుటతో పోవు ఖర్చు అప్పుడు ఇంజనంతయు విప్పువరకు పోవును. గ్యాస్కెట్టు మార్చునప్పుడు హెడ్డు చదునుగా నున్నదో లేదో సరళపుబద్ద పెట్టి చూపింపుమని అడుగవలెను. వంగిన హెడ్డుక్రింద క్రొత్త గ్యాస్కెట్టు ఎక్కువకాలము నిలువదు.

నీటితో సంబంధము లేని కారణములును కొన్ని కలవు. శక్తికి మించిన రోటావేటరును తగిలించి, పెద్దగేరులో ఇంజనును మూలుగనిచ్చి తోలిన ఏ రేడియేటరును ఆ వేడిని మోయలేదు. నల్లని పొగ విడువకుండ వచ్చుచున్నచో బరువు ఎక్కువైనను, గాలివడపోత మూసికొన్నను, ఇంజెక్టరు చెడినను కావచ్చును. ఇంజను నూనె తక్కువైన రాపిడివలన వేడి పెరుగును. బ్రేకులు వదలక పట్టియుండుట కూడ ఇంజనుపై బరువే.

ముల్లే అబద్ధమాడు సందర్భమొకటి తప్పక తెలిసికొనియుండవలెను. వేడిని తెలుపు సాధనము నీటిలో మునిగియున్నంతవరకే నిజము చెప్పును. నీరంతయు పోయి అది గాలిలో మిగిలినప్పుడు ముల్లు పైకిపోవుటకు బదులు క్రిందికి పడిపోవచ్చును. వేడిగానున్న బండిలో ముల్లు అకస్మాత్తుగా చల్లనివైపు పడినచో సంతోషింపక, వెంటనే ఆపి నీరు చూడవలెను. కాలిన వాసన, బలము తగ్గుట, టకటకమను క్రొత్త చప్పుడు ఇవి ముల్లుకంటె ముందే చెప్పు సాక్షులు.

జీపులు, కార్లు గల సభ్యులకు పైన చెప్పినదంతయు వర్తించును, భేదమొక్కటే. నేటి కార్లలో పంకాను బెల్టు గాక విద్యుత్తు త్రిప్పును. కావున సంతవీధిలో మెల్లగా పోవునప్పుడు వేడెక్కి, రోడ్డుపై వేగముగా పోవునప్పుడు చల్లబడు కారులో పంకాను, దాని ఫ్యూజును, రిలేను చూడవలెను. వేగముగా పోవునప్పుడే వేడెక్కుచున్నచో రేడియేటరులోపలను, పంపులోను తప్పు వెదకవలెను. దారిలో చిక్కుకొన్నప్పుడు ఏసీ కట్టివేసి, లోపలి హీటరును పూర్తిగా తెరచిన ఇంజను వేడి కొంత ఆ త్రోవన పోవును. కూర్చున్నవారికి ఉక్కపోసినను కారు ఇల్లు చేరును. ఐషరువారి ట్రాక్టర్లలో కొన్నింటివలె నీరులేక గాలితోనే చల్లబడు ఇంజనులకు రేడియేటరు లేదు. వానికి సిలిండరుచుట్టునున్న రేకులలో దుమ్ము లేకుండుటయు, గాలిని త్రోయు పంకాయు, దాని తొడుగు రేకులు ఊడకుండుటయు ముఖ్యము.

ఇక పాత కూలెంటును మార్చునప్పటి జాగ్రత్త. దానిలోని ఎథిలీను గ్లైకాలు అను ద్రవము తియ్యగా నుండును; అది విషము. కుక్కలు, దూడలు, పిల్లలు తీపికి ఆశపడి త్రాగుట కలదు. కొంచెము త్రాగినను మూత్రపిండములు చెడి ప్రాణము పోవచ్చును. బండిక్రింద వదలిన కూలెంటు మడుగై నిలుచును. పశువులకొట్టము సాధారణముగా ఆ ప్రక్కనే యుండును. కావున దానిని మూతగల డబ్బాలోనికి పట్టి, పేరు వ్రాసి, పిల్లలకందని తావున ఉంచి, సర్వీసు షెడ్డుకు పోవునప్పుడు పట్టుకొనిపోవలెను. కుడితితొట్టిదగ్గరగాని, బావిగట్టునగాని, కాలువలోగాని పారబోయరాదు. నేలపై ఒలికినచో వెంటనే మట్టి వేసి ఎత్తివేసి, ఆ చోటిని పుష్కలముగా నీటితో కడిగి, తడి ఆరువరకు పశువులను అటు రానీయరాదు. ఏ ప్రాణియైనను త్రాగినట్లు అనుమానము కలిగిన లక్షణములకై వేచియుండక, డబ్బాను వెంట తీసికొని ఆ గంటలోనే పశువైద్యుని యొద్దకో, మనుష్యులైన ఆసుపత్రికో పోవలెను.